తంతి మీద నడిచిన ఊళ్ళు

మొన్న కార్తీకంలో ఆమదాలవలస వైపు బస్సులో వెళ్తుంటే, ఊరబెట్టిన గోగు వాసన కిటికీలోంచి గుప్పున లోపలికొచ్చింది. రోడ్డు పక్క గుంటల్లో నీళ్ళు నల్లగా ఉన్నాయి. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి మనుషులు నార తీస్తున్నారు. పక్క సీటాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, హాయిగా పీలుస్తున్న నన్ను జాలిగా చూశాడు. ఏం చెప్పను? ఆ వాసన తగిలితే నాకు కూర్మయ్య గారూ, నా తెలివితక్కువతనమూ కలిసే గుర్తొస్తాయి. ఇద్దరిలో ఆయన కాలం చేశారు. రెండోది ఇంకా ఆరోగ్యంగానే ఉంది.

అదేమిటో ముందే చెప్పేస్తాను. పంపిన మాట చేరినట్టే అని నేను నమ్మేవాణ్ణి.

అరవైల చివర్లో ఆమదాలవలసలో కూర్మయ్య గారికి గోగునార కమీషన్ కొట్టు ఉండేది. చుట్టుపక్కల రైతులు బళ్ళ మీద నార తెచ్చి వేస్తే, ఆయన కట్టలు కట్టించి, కలకత్తా వైపున్న ఒక మిల్లుకి రైల్లో పంపేవారు. ఎంత సరుకుంది, ఏ ధరకిస్తాం అన్నది ముందు తంతి కొట్టి చెప్పాలి. సరేనని మిల్లు తిరుగు తంతి కొట్టాక వ్యాగన్ కదలాలి. ఆ తంతులు ఇంగ్లీషులో రాయడానికి నన్ను పెట్టుకున్నారు. నేను పి.యు.సి. తప్పినవాణ్ణే గానీ ఇంగ్లీషు ఒక్కటి మాత్రం పాసయ్యాను. ఆ ఒక్క పాసూ నెత్తికెక్కి కూర్చుంది.

తంతి ఇవ్వడం అప్పట్లో ఒక తంతు. పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడాలి, గుమాస్తా మాటలు లెక్కపెట్టేదాకా ఆగాలి, రసీదు పుచ్చుకోవాలి. అంతా అయ్యాక నేను బరువు దింపుకున్నవాడిలా కొట్టుకి వచ్చేవాణ్ణి. ఇచ్చావా అని కూర్మయ్య గారు అడిగేవారు. ఇచ్చానండి అనేవాణ్ణి. అందిందా అని మళ్ళీ అడిగేవారు. కిటికీలో ఇచ్చాక అందక ఎక్కడికి పోతుంది? పెద్దాయనకి చాదస్తమని సరిపెట్టుకునేవాణ్ణి.

ఒక ఏడాది వానల్లో మేం కొట్టిన తంతికి జవాబు రాలేదు. కూర్మయ్య గారు పెళ్ళికని ఊరెళ్ళారు. రెండు రోజులు చూసి, మళ్ళీ పంపుదామని నేనే నిర్ణయించేశాను. అయితే రాసిన వాక్యమే మళ్ళీ రాయడానికి నా ఇంగ్లీషు ఒప్పుకోలేదు. మొదటిదాంట్లో ‘ఇస్తాం’ అన్నది రెండోదాంట్లో ‘సమర్పించుకుంటాం’ అయింది. మామూలు నార ‘శ్రేష్ఠమైన నార’ అయింది. దారిలో ఎక్కడో తీగలు తెగి ఆగిన మొదటి తంతి, ఆలస్యంగానైనా చేరనే చేరింది. నా అలంకారాలతో రెండోదీ చేరింది. మాటలు వేరు కాబట్టి మిల్లువాళ్ళు అవి రెండు బేరాలనుకుని, రెండింటికీ ఒప్పుకుంటూ జవాబిచ్చారు. గోదాములో ఉన్న సరుకు ఒక్కదానికే సరిపోతుంది.

తిరిగొచ్చిన కూర్మయ్య గారు ఆ జవాబునీ, నేను పంపిన రెండింటినీ తెలుగులో చెప్పించుకుని విన్నారు.

“ఒక పిల్లకి రెండు సంబంధాలు ఒప్పుకొచ్చీసావేట్రా, సూరీ.”

పొరపాటైందని మిల్లుకి రాసేద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“ఇది తప్పని రాస్తే, రేపు మనం నిజం సెప్పినా తప్పేమో అనుకుంటారు. ఆళ్ళు మనకాడ కొనడం మానేస్తే ఈ ఊళ్ళ నారంతా నా గోదాంలోనే కుళ్ళుతాది. ఒప్పుకున్న సరుకు ఎల్లాలి. బండి కట్టించు.”

ఆయనకి సరుకు కొనే మిల్లు అదొక్కటే. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు. మర్నాటి నుంచి వానలోనే బండి మీద ఊరూరా తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ ఆయన జరిగింది దాచకుండా చెప్పి నార అడిగేవారు. అంటే ప్రతి ఊళ్ళోనూ నా కథే. హిరమండలం దాటాక పైడమ్మ అనే రైతు ఇంటికి వెళ్ళాం. ఆవిడ ఇల్లదిరేలా నవ్వే మనిషి.

“ఈ బాబేటి బావా, ఒకే మాట రెండుసార్లు సెప్పినోడు? మా ఇంటాయనైతే సెప్పిన మాట ఒకసారైనా ఇనడు,” అంది. నార ఇస్తానంది, కానీ ఇంకా గుంటలోనే ఉందనీ, తీయడానికి మనుషులు చాలరనీ చెప్పింది. “ఈ బాబుని దించు. ఒక సెయ్యి సాయం వస్తాది.”

కూర్మయ్య గారు నాకంటే ముందు తనే పంచె ఎగ్గట్టి గుంటలో దిగారు. ఇక నేను ఒడ్డున నిలబడి చేసేదేముంది? ఆ నల్లనీళ్ళలో నిలబడి, కుళ్ళిన బెరడు ఒలిచి నార లాగడం ఆ రోజే నేర్చుకున్నాను. నేను ‘శ్రేష్ఠమైన నార’ అని ఒక్క మాటలో రాసిపారేసిన సరుకు అలా తయారవుతుందని అప్పటిదాకా తెలీదు. గడువుకి రెండో వ్యాగన్ కూడా వెళ్ళింది. నా ఒంటి వాసన మాత్రం చాలా రోజులు నాతోనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆయన నన్ను తిట్టలేదు. దూడకైనా పేరు పెడతాం, తప్పిపోతే పేరు పెట్టి వెతుక్కోవచ్చు, మన తంతులకి మాత్రం పేరెందుకు లేదన్నారు. ప్రతి తంతికీ ఒక పేరు పెడితే, మళ్ళీ పంపినా అదే పేరుంటుంది కాబట్టి రెండూ ఒకటేనని మిల్లుకి తెలుస్తుంది. దేవుళ్ళ పేర్లు పెడదామన్నారు. మరి ఏ దేవుడు ముందు, ఎవరు తర్వాత అన్నాను. ఆయన సందేహంలో పడ్డారు. అప్పుడు నాకు తట్టింది: వంశధార ఒడ్డు ఊళ్ళు. పైన బత్తిలి, కొత్తూరు, హిరమండలం, ముఖలింగం, అలా దిగుతూ కళింగపట్నం దగ్గర సముద్రం. ఏది ముందన్న తగువు నది ఎప్పుడో తీర్చేసింది. మధ్యలో ఒక ఊరు రాకపోతే ఏది తప్పిపోయిందో కూడా తెలుస్తుంది.

“పర్లేదురా, నీకు బుర్ర ఉన్నాది,” అన్నారు. ఆ కొట్లో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. చివరిది కూడా కావచ్చు.

ఊళ్ళ వరసంతా రాసి రిజిస్టరు పోస్టులో మిల్లుకి పంపాం. జవాబులో ఊరి పేరు తిరిగి పలకాలనీ, అది వచ్చాకే వ్యాగన్ కదులుతుందనీ రాశాం. తర్వాత బత్తిలి పేరుతో మొదటి తంతి కొట్టాం. మిల్లులో మా ఉత్తరాలు చూసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది: ‘సరే. నార పంపండి, భూగోళ పాఠం వద్దు.’ అందులో బత్తిలి లేదు.

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. పక్క కొట్లవాళ్ళ వ్యాగన్లు రోజూ వెళ్తున్నాయి. మా సరుకు గూడ్స్ షెడ్డు ముందు టార్పాలిన్ కింద ఉంది, పైన వాన. సరే అన్నారు కదా పంపేద్దామని నేనే బతిమాలాను.

“సరే అన్నారు. దేనికన్నారు?” అన్నారు కూర్మయ్య గారు. “పేరు పలికీదాకా ఒక్క కట్ట కదలదు.”

మిల్లు వేరే చోట కొంటామని బెదిరించింది. ఆయన అదే తంతి, అదే మాటలతో, అదే పేరుతో మళ్ళీ కొట్టించారు. అది మూడోసారి కూడా వెళ్ళింది. నా చేత ఒక్క కామా కూడా మార్చనివ్వలేదు. చివరికి ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ తెచ్చిన కాగితంలో ఒక్కటే మాట ఉంది: ‘బత్తిలి.’ కూర్మయ్య గారు దాన్ని నాచేత బిగ్గరగా చదివించి, హమాలీలను వ్యాగన్ దగ్గరికి పంపారు.

ఆయన పోయి చాలా ఏళ్ళైంది. కొట్టూ లేదు, తంతీ లేదు. ఇప్పటికీ నేను ఎవరికి ఏం పంపినా, వాళ్ళు దాన్ని పేరు పెట్టి అందిందనేవరకు నా పని అయినట్టు లెక్కవేయను. మళ్ళీ చెప్పాల్సి వస్తే మొదట చెప్పినట్టే చెబుతాను. మా ఆవిడ దీన్ని సాధింపు అంటుంది. ఆవిడ కూర్మయ్య గారిని చూడలేదు మరి.

ఆ బత్తిలి తంతి తర్వాతి ఏడు తుఫానొచ్చి తీగలన్నీ నేలకూలాయి. కొన్నాళ్ళకి తంతి మళ్ళీ నడిచేసరికి అన్ని కొట్లలోనూ గందరగోళం. ఎవరి మాట చేరిందో, ఎవరిది రెండుసార్లు చేరిందో తెలీదు. మాకు మాత్రం మిల్లు నుంచి, జవాబు ఖర్చు కూడా వాళ్ళే ముందుగా కట్టిన తంతి వచ్చింది. అడిగింది, భూగోళ పాఠం వద్దన్న ఆ గుమాస్తాయే: ‘హిరమండలం అందింది. ఇంకా కింది ఊళ్ళూ అందాయి. ముఖలింగం ఎక్కడ?’

ముందు అసలు తంతి కొట్టి రమ్మన్నారు కూర్మయ్య గారు. ముఖలింగం పేరుతో, పాత మాటలతో, మా డబ్బుతో కొట్టాను. ఇక మిల్లువాళ్ళు డబ్బు కట్టిన జవాబు కాగితం నా చేతిలో మిగిలింది. దాన్నేం చెయ్యమంటారని అడిగాను. ఆయన నా మొహం చూసి, నవ్వు మీసాల్లో దాచుకుని, లెక్క చూసుకునే నెపంతో అటు తిరిగిపోయారు.

నా ఇంగ్లీషంతా కూడదీసుకుని రాశాను: ‘ముఖలింగం వంశధార గట్టున, హిరమండలానికి దిగువన ఉంది. శివాలయాలు చూడదగ్గవి. తమరు సకుటుంబంగా దయచేయాలి.’ డబ్బు వాళ్ళదే కాబట్టి, ఒక్క మాట కూడా తగ్గించలేదు.