మేకులు కొట్టని బడిని చూడడానికి జైనూరు దాకా

ఈ ప్రయాణం ఒక గొడవతో మొదలైంది. చొప్పదండికి దగ్గర్లోని మా ఊళ్ళో ఈ ఏడు బడికి కొత్త హాలు కట్టారు. పెంకుల కప్పు, పెద్ద కిటికీలు, నున్నటి గచ్చు. చూస్తే కడుపు నిండేది. కానీ హాలు ఒక్కటే, తరగతులు మూడు, టీచరును నేనొక్కదాన్నే. మా సర్పంచి రాజిరెడ్డి పటేలు ఉత్సాహంగా టేకు బెంచీలు చేయించి, వాటిని మూడు వరుసలుగా గచ్చులో ఇనుప మేకులతో బిగించాలని పట్టుబట్టారు. అన్ని బెంచీలూ ఒకే గోడకేసి చూడాలట. నేను చదివిన మిషను బడిలో వారమంతా పాఠాలు చెప్పుకున్న హాలునే ఆదివారం ప్రార్థనకు సర్దేవాళ్ళం. బల్లలు జరిపితే గది మారిపోతుందని నాకు చిన్నప్పుడే తెలుసు. అందుకే బిగించవద్దన్నాను.

పటేలు ఊరుకోలేదు. "పక్కూరి బడి సంగతి నీకెర్కలేదా పంతులమ్మా? పెండ్లంటె బెంచీలు తీస్కపోయిరి, దినాలంటె తీస్కపోయిరి. ఒక్కటన్న వాపస్ రాలే. ఇప్పుడు గా పోరలు నేలమీద కూసుంటుండ్రు. నేనైతె బిగించకుంట ఇడ్వ."

"బిగిస్తె సిన్న పోరలకు బోర్డు కనవడది పటేలా. వాళ్ళ కాళ్ళు నేలకే అందయి. మూడు తరగతులు ఒక్కదిక్కే మొకం పెట్టి ఒర్రితె నేనెవ్వలకని చెప్పాలె?"

ఆయన చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. అదే చిక్కు. ట్రైనింగులో నాతో చదివిన ఒకామె, ఆదిలాబాదు కొండల్లో జైనూరు దగ్గరి గోండు గూడెంలో మారుతి అనే మాస్టరు ఒకే పాకలో మూడు తరగతులు నడుపుతున్నాడని, అక్కడ కదలని వస్తువే లేదని చెప్పింది. ఆ మాట పటేలు చెవిన వేశాను. "సూపియ్యి. నిజంగ నడుస్తుంటె మేకులు దుకాణంల వాపస్ ఇస్త. లేకుంటె నువ్వు మల్ల నోరెత్తద్దు" అన్నారు. ఆయన భార్య లచ్చవ్వ అప్పటికే సద్దిమూట కడుతోంది. "నేను సుత వస్త. మీ ఇద్దర్నే పంపితె ఆడికి పోయేదాంక కొట్లాటనే అయితది" అంది.

దీపావళి సెలవులు అయ్యాక బయలుదేరాం. ఇటు నుంచి వెళ్ళాలనుకునే టీచర్లకు దారి చెబుతాను. కరీంనగరం నుంచి పొద్దున్నే పెద్దపల్లికి బస్సు దొరుకుతుంది. అక్కడ ఉత్తరానికి పోయే పాసింజరు రైలెక్కి ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో దిగాలి. రైలు ఆలస్యం కాని రోజు లేదంటారు, మాకూ ఆలస్యమే అయింది. గోదావరి వంతెన మీద లచ్చవ్వ ఒక నయా పైస నీళ్ళలోకి విసిరి దండం పెట్టుకుంది. "ఏం మొక్కినవ్?" అన్నారు పటేలు. "బడి మంచిగుండాలె అని మొక్కిన." "ఎవ్వల లెక్క బడి? నాదా, పంతులమ్మదా?" "గది గోదారమ్మ సూస్కుంటది, నువ్వు జర ఇటు జరుగు" అంది ఆమె. బెల్లంపల్లి దాటేసరికి ముగ్గురి ముఖాలమీదా బొగ్గు నలుసులే.

స్టేషను నుంచి ఆసిఫాబాదు, అక్కడి నుంచి కెరమెరి దాకా బస్సు సులువే. ఆ పైన ఘాటు రోడ్డు. మాకు కలప కోసం పైకి పోతున్న ఖాళీ లారీ దొరికింది. డ్రైవరు ఖాదర్ భాయి మనిషికి ఎనిమిదణాలు అడిగాడు. అణాలు పోయి నయా పైసలు వచ్చినా ఆయన నోట ఇంకా అణాలే. ఆడవాళ్ళిద్దరినీ ముందు కూర్చోబెట్టి, పటేలును వెనక తొట్టిలో నిలబెట్టాడు. మలుపు మలుపుకూ వెనక నుంచి "పైలం! పైలం!" అని కేక వినబడేది. "ఫికర్ మత్ కరో పటేల్ సాబ్, గీ దారిల నేను కండ్లు మూస్కొని నడుపుత" అని ఖాదర్ భాయి అరిచాడు. ఆ మాటతో పటేలు ఇంకా గట్టిగా "కండ్లు తెర్వు!" అన్నారు. ఇరువైపులా టేకు చెట్లు, కింద లోయలో జొన్న చేలు. పైకి పోయేకొద్దీ చలి పెరిగింది. పొద్దుగూకే ముందు గూడెం చేరాం. మారుతి మాస్టరు ముప్పై ఏళ్ళ గోండు యువకుడు, సన్నగా, చురుగ్గా ఉన్నాడు. ఆయన ఇంట్లోనే జొన్నరొట్టె, కందిపప్పు తిని పడుకున్నాం.

తెల్లవారి బడికి వెళ్ళాం. టేకు గుంజల మీద నిలిచిన పొడుగాటి పాక, మూడు వైపులా నడుమెత్తు మట్టిగోడ. లోపల ఒక మూల ఏవో చెక్కలు, తడకలు దొంతరగా ఉన్నాయి, మిగతాదంతా ఖాళీ నేల. పటేలు నావైపు తిరిగి కనుబొమ్మలెగరేశారు. గంట కొట్టగానే పిల్లలు మూలనుంచి పొట్టి డెస్కులు ఎత్తుకొచ్చారు. నేలమీద బాసింపట్టు వేసుకుంటే ఒడి దాకా వచ్చేంత ఎత్తు, ఏటవాలు పలక, ఇద్దరు పిల్లలు మోయగలిగే బరువు. ఒకటో తరగతి వాళ్ళు వాటిని గుండ్రంగా పేర్చుకున్నారు. మూడో తరగతి వాళ్ళు నాలుగేసి కలిపి పెద్ద బల్లలా చేసుకుని దానిమీద పటం పరిచారు. తరగతుల మధ్య వెదురు తడకలు నిలబెట్టారు. వాటికి రెండు వైపులా మట్టి మెత్తి, బొగ్గుపొడి ఆకుపసరులో కలిపి పూశారు. అంటే తడకే గోడ, తడకే నల్లబల్ల. అదీ పిల్లల చేతికందే ఎత్తులో. ఒకటో తరగతి పిల్ల తన అక్షరం తానే బోర్డుమీద రాసుకోవడం నేను మొదటిసారి చూశాను. మా ఊళ్ళో బోర్డు అందుకోవాలంటే నేనే మునికాళ్ళ మీద లేవాలి.

కాసేపటికి కొండమీది నుంచి గాలి లేచింది. మధ్యలో ఉన్న తడక ఒకటి ఊగి, పిల్లల వైపు వాలింది. నాకంటే ముందు పటేలు ఒక్క అంగలో వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నారు. "సూసినవా పంతులమ్మా! మేకులు లేకుంటె గిట్లనే అయితది" అని గెలిచినవాడిలా అన్నారు. అంతలో తడకకు అవతలివైపు నుంచి సన్నటి గొంతు వినిపించింది. "తాతా, ఊపకు. అచ్చరం ఒంకరైతంది." ఏడేళ్ళుంటాయేమో, ఒక పిల్ల సుద్దముక్కతో 'ఱ' రాస్తోంది. పటేలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ పిల్ల తుడిచి మళ్ళీ రాసింది. దాని వెనక ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకొకతె వరుసలో నిలబడ్డారు. మారుతి మాస్టరు వచ్చి తడకకు రాయి ఆనించబోతే పటేలే వద్దని తల ఊపారు. "ఉండనియ్యి సారూ. పోరలు రాసుకుంటుండ్రు." ఆ పాఠం అయ్యేదాకా మా సర్పంచి గుంజలా కదలకుండా నిలబడ్డారు. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

మధ్యాహ్నం తిండి వేళ పటేలు ఊరికే వదల్లేదు. "సారూ, అంత మంచిగనే ఉన్నది. గని తడక సప్పుడును ఆపుతదా? ఆ దిక్కు ఎక్కాలు సదివితె ఈ దిక్కు ఇనవడుతనే ఉన్నది."

మారుతి మాస్టరు దాచలేదు. "బరాబర్ చెప్పిండ్రు. ఆపది. మొదటేడు నేను శాన పరేషానైన, బడి బందు చేద్దామనుకున్న. తర్వాత సమజైంది. సప్పుడును ఆపేది తడక కాదు, పని. ఒక తరగతి గట్టిగ సదివితె ఇంకోటి రాయాలె. మూడోది బయట అరుగుమీద గింజలతోని లెక్కలు చేయాలె. మల్ల మారాలె. గందుకే డెస్కులు తేలికగుండాలె."

నాకు కొరడా తగిలినట్టయింది. అప్పటిదాకా బల్లలు కదిలితే చాలు, నా బడి బాగుపడుతుందనుకున్నాను. పాఠాలు కూడా కదలాలని నాకు తట్టలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆయన పక్కనే కూర్చుని, ఏ వేళకు ఏ తరగతి ఏం చేస్తోందో గమనించాను.

ఇక మిగిలింది పటేలు అసలు భయం. "గివి ఎవ్వలు ఎత్కపోరా సారూ? పెండ్లిండ్లకు అడుగరా?" మాస్టరు జవాబిచ్చేలోపే లచ్చవ్వ ఒక డెస్కు పక్కన చతికిలబడి దాని మీద చెయ్యి ఆనించింది. "ఏ పెండ్లికొడుకు కూసుంటడయ్య గీ పొట్టి దానిమీద? కూసుంటె మోకాళ్ళు గదుమకు తగులుతయి!" అంటూ తన గడ్డం తట్టి చూపింది. పాకంతా నవ్వులతో నిండింది. పటేలు మొదట ముఖం ముడుచుకున్నారు, తరువాత ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వారు.

తిరుగు ప్రయాణంలో కెరమెరి దాకా ఎడ్లబండి, తరువాత వచ్చిన దారే. బండిలో పటేలూ నేనూ బేరాలాడుకున్నాం. చేయించిన టేకు బెంచీలు పారేయడం కుదరదని ఆయన, మేకులు మాత్రం వద్దని నేను. మూడో తరగతి పొడుగు పిల్లలకు నేలమీద మోకాళ్ళు నొప్పి పుడతాయని ఆయనన్న మాట నాకు నచ్చింది. చివరికి ఊరు చేరాక మేకులు దుకాణానికి తిరిగి పోయాయి. బెంచీలు పొడుగు పిల్లలకే ఇచ్చి గోడ వెంట పెట్టాం, అవి పెండ్లిండ్లకు పోకుండా చూసే పూచీ పటేలే తీసుకున్నారు. మిగిలిన టేకుతో వడ్లాయన చిన్నవాళ్ళకు పొట్టి డెస్కులు చేశాడు. గోడలకు పిల్లల చేతికందే ఎత్తున నల్లరంగు పూయించాం. తరగతుల మధ్యకు తడకలూ అల్లించాం, వాటి కాళ్ళు మాత్రం పటేలు దగ్గరుండి వెడల్పుగా చేయించారు. "ఎంత గాలొచ్చినా పడద్దు. నేను రోజు వచ్చి పట్టుకోలేను" అని వడ్లాయనతో అన్నారు.

మొదటి వారం గందరగోళమే. డెస్కులు జరిపే వేళ పిల్లలు వాటిని ఎడ్లబండ్లు చేసి హాలంతా తోలారు. ఒక తడకకు చెదలు పట్టింది. అయినా రెండో వారానికి ఒకటో తరగతి చదువుతుంటే రెండో తరగతి తలవంచుకుని రాసుకోవడం మొదలైంది. నా గొంతు సాయంత్రం దాకా నిలిచింది. బడి మానేసిన ఇద్దరు చిన్నపిల్లలు కిటికీలోంచి చూసి, వాళ్ళంతట వాళ్ళే లోపలికి వచ్చి గుండ్రంలో కూర్చున్నారు. గది అంటే గోడలూ పైకప్పే అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, పిల్లలు పొద్దున వచ్చి తమ చేతులతో సర్దుకున్నాకే అది బడి అవుతోంది. సాయంత్రం అంతా మూలకు చేరాక అది మళ్ళీ ఖాళీ నేలే. ఆ ఖాళీని చూస్తే ఇప్పుడు నాకు దిగులు లేదు, రేపు దీన్నెలా మార్చుకుందామా అన్న హుషారే.

మీరూ ఇలాంటి బడిని చూడడానికి బయలుదేరితే ఒక్క సలహా. మీ మాటకు తలూపే స్నేహితులను తీసుకెళ్ళకండి. మీతో గట్టిగా వాదించే మనిషిని వెంటబెట్టుకెళ్ళండి. మీ కంటికి ఆనని లోపాలన్నీ ఆ మనిషే చూసి పెడతారు, తిరిగొచ్చాక పని చేయించేదీ ఆ మనిషే.