మల్లవ్వకు మిగిలిన రెండు పాయింట్లు

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వేసింది ఒక్కటే పాచిక. బల్ల మీద రెండు కనిపించాయి. ఎడమ కన్ను మూస్తే ఒకటే ఉంది, తెరిస్తే పక్కనే దాని జంట. కళ్లజోడు మార్చాల్సిన రోజులొచ్చాయి కాబోలు అనుకుని, ఒంటికన్నుతోనే అంకె చదివేశాను. నా జబ్బు బయటపడింది ఆ రోజే. ఆ సంగతి నాకు తెలియడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

ముందు ఆ ఆట గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. నేను పటాన్‌చెరులో ఒక మాత్రల కంపెనీలో కెమిస్ట్‌ని. మా బీరంగూడలో గౌస్ భాయ్‌కి ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. దాని పైగదిలో ఆదివారాలు నలుగురం కూర్చుంటాం. గౌస్ భాయ్ ఒక రాజ్యం కథ చెప్తుంటాడు. మేం తలా ఒక మనిషి వేషం వేసుకుని ఆ కథలో తిరుగుతాం. దెబ్బ తగిలిందా, తప్పిందా అన్నది పాచిక తేలుస్తుంది. నా మనిషి పేరు మల్లవ్వ. గొడ్డలి పట్టుకుని వర్తకుల బండ్లకు కాపలా కాస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల ఆడమనిషికి ఇదేం సరదా అని మా ఆయన శ్రీశైలం నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు, నేను మానలేదు.

ఆటలో ప్రతి మనిషికీ హిట్ పాయింట్స్ ఉంటాయి. మల్లవ్వకు నలభై రెండు. దెబ్బ పడ్డప్పుడల్లా తగ్గుతాయి, సున్నా అయితే కూలిపోతుంది. మా బల్ల దగ్గర గౌస్ భాయ్ పెట్టిన నియమం ఒకటుంది. ఎవరి అంకె వాళ్ల కాగితం మీదే ఉండాలి, పైకి చెప్పకూడదు. "అంకెలు చెప్తే లెక్కల క్లాసైతది. మనిషి ఎట్లున్నదో చెప్పుండ్రి" అనేవాడు.

ఆ రోజు దొంగలు మీద పడ్డారు. వైద్యురాలి వేషం మా ల్యాబ్‌లో నా జూనియర్ లావణ్యది. "అక్కా, మల్లవ్వ ఎట్లుంది? మందు వెయ్యాల్నా?" అని అడిగింది. నా కాగితం మీద రెండు పాయింట్లే మిగిలాయి. "మంచిగనే ఉంది" అన్నాను. మల్లవ్వ అలాంటి మనిషి మరి, అడగదు. తర్వాతి దెబ్బకే కూలిపోయింది. "చెప్పొచ్చు గదక్కా!" అని లావణ్య నిజంగానే కోపం చేసింది. ఎలాగో బతికించుకున్నారు.

తర్వాతి వారాల్లో కుడి కనురెప్ప సాయంత్రానికి వాలిపోయేది. జొన్నరొట్టె సగం నమిలేసరికి దవడ అలిసిపోయేది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మిగతాది తినేదాన్ని. తల దువ్వుకుంటుంటే చేతులు కిందికి జారేవి. తెల్లవారితే మళ్లీ మామూలే. అందుకే నన్నెవరూ నమ్మలేదు, నన్ను నేనూ నమ్మలేదు. "పొద్దున మంచిగనే ఉంటవ్, పొద్దుగూకంగనే పండుకుంటవ్. ఏంది గిది స్వరూపా?" అన్నాడు ఆయన. తిట్టలేదు, కానీ ఆ మాట మనసులో గుచ్చుకుంది.

కంటి డాక్టర్ కొత్త అద్దాలిచ్చాడు. మార్పు లేదు. చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. "పైకి చూడండి మేడం, చూస్తూనే ఉండండి" అన్నారు. నిమిషం తిరక్కుండానే రెప్ప దానంతటదే దిగిపోయింది. నరానికి కరెంటు పెట్టి చూసే ఆర్ఎన్ఎస్ టెస్ట్, యాంటీబాడీ బ్లడ్ టెస్ట్, ఛెస్ట్ సీటీ అన్నీ అయ్యాక పేరు చెప్పారు. మయస్థీనియా గ్రావిస్.

"నరం పంపే కబురు కండరానికి సరిగా అందట్లేదు. వాడేకొద్దీ బలం తగ్గుతుంది, రెస్ట్ ఇస్తే తిరిగొస్తుంది" అన్నారు డాక్టర్ గారు. పక్కనే కూర్చున్న మా ఆయన నేల చూపులు చూశాడు. నాకైతే ముందు సంతోషమే కలిగింది. నాది బద్ధకం కాదని ఒక కాగితం మీద రాసి ఉంది.

మాత్రలు మొదలయ్యాయి. గంటలు చూసుకుని వేసుకోవాలి. ఒక ఆదివారం గౌస్ భాయ్‌ని అడిగాను. "భాయ్, ఆటలో ఒక్క పాయింట్ మిగిలినా నలభై రెండున్నట్టే కొట్లాడొచ్చు కదా?"

"ఆటల నడుస్తది బెహన్. కానీ ఆ పాయింట్లంటే ఒంట్ల ఉన్న ఖూన్ కాదు. దెబ్బ వచ్చింది, మల్లవ్వ పక్కకు జరిగింది. ఇంకో దెబ్బ వచ్చింది, గొడ్డలి అడ్డం పెట్టింది. జెర నసీబ్ కలిసొచ్చింది. ఒంటి మీద గీత లేదు, కానీ జరిగినప్పుడల్లా దమ్ము ఖర్చయింది. ఆఖరి పాయింట్ పోయినప్పుడే కత్తి దిగుతది. మందికి అప్పుడే కనబడతది."

ఆ మాటల్లో నేను నాకు కావలసిన ముక్కే తీసుకున్నాను. ఒక్కటి ఉన్నా చాలు. ల్యాబ్‌లో కుర్చీ వెతుక్కోకుండా, ఎవరితోనూ చెప్పకుండా, తల వెనక్కి వంచి రెప్ప కింద నుంచి రీడింగులు చూస్తూ నెట్టుకొచ్చాను. ప్రతిరోజూ తప్పించుకుంటున్నానని మురిసిపోయాను. తప్పించుకోవడానికే అంతా ఖర్చయిపోతోందని తట్టలేదు.

వానాకాలంలో జలుబు చేసింది. డాక్టర్‌ని అడక్కుండా మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కున్నాను. ఈ జబ్బున్నవాళ్లకు కొన్ని మందులు పడవని నాకు రాసిచ్చారు, ఆ కాగితం బీరువాలో భద్రంగా దాచుకున్నాను కూడా! మూడో రోజు పొద్దున తాగిన మంచినీళ్లు మింగుడుపడక ముక్కులోంచి వచ్చాయి. ఆసుపత్రికి వెళ్తుంటే కారులో ఆయన రెండుసార్లు అడిగాడు, "ఎట్లుంది?" అని. రెండుసార్లూ ముక్కుతో మాట్లాడుతూ "మంచిగనే ఉంది" అన్నాను.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరమ్మ, "గట్టిగా గాలి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అంది. ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టాను. తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"బాగానే ఉందని మీకెవరు చెప్పారు?" అని ఆమె మా ఆయన మీద కేకలేసింది.

"ఆమెనే చెప్పింది మేడం" అన్నాడు ఆయన. ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

వెంటిలేటర్ మీద ఆరు రోజులున్నాను. రక్తంలోని యాంటీబాడీలను తీసేసే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ చేశారు. గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట లేదు. విజిటింగ్ టైమ్‌లో ఆయన వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. మూడో రోజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "గౌస్ భాయ్ షాపుకాడికి పోయిన. గా పాయింట్లేందో అంతా చెప్పిండు. స్వరూపా, పదిట్ల ఎన్నున్నయి? నిజం చెప్పు" అన్నాడు.

రెండు వేళ్లు ఎత్తాను.

నా అబద్ధాలన్నీ ఆ రెండు వేళ్లతో పోయాయి. ఆయన ఆ వేళ్లను పట్టుకుని, బెల్లు కొట్టేదాకా వదల్లేదు. మర్నాడు మూడు చూపించాను. గొట్టం తీసిన రోజు ఐదు.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్స్‌తో ముఖం గుమ్మడికాయ అయింది. మధ్యలో ఒకసారి మళ్లీ రెప్ప వాలింది, డోసు మార్చారు. రోజూ పొద్దున ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "ఊఁ, గాలి పీల్సు" అనేవాడు. నేను లెక్కపెడితే క్యాలెండర్ మీద ఆ అంకె రాసేవాడు. పద్నాలుగు, పదహారు, ఒకరోజు పన్నెండు. పన్నెండు వచ్చిన రోజు ఎందుకని వాదించకుండా ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

ఇప్పుడు జనరల్ షిఫ్టే చేస్తున్నాను, ల్యాబ్‌లో నా స్టూల్ నాకుంది. ఒక్క ఊపిరికి ముప్పై నాలుగు దాకా వెళ్తాను. రొట్టె పూర్తిగా తింటాను, మధ్యలో కాసేపు ఆగి. మా బల్ల దగ్గర నియమం కూడా మారింది. ఎవరి అంకె వాళ్లు పైకి చెప్పాల్సిందే. లావణ్య పట్టుబట్టి మార్పించింది. గౌస్ భాయ్ మల్లవ్వ కాగితం మీద నలభై రెండు కొట్టేసి ముప్పై రాసి, నా వైపు చూశాడు. సరేనన్నాను. ముప్పైతో కూడా బండ్లు కాయొచ్చు.

తోటి పేషెంట్లకు, వాళ్ల ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. "ఎట్లుంది" అని అడక్కండి, "బాగానే ఉంది" అని చెప్పకండి. పదికి ఎంత అని రోజూ ఒకే వేళకు అడగండి, ఎంత ఉంటే అంతే చెప్పండి. పక్కనుండి చూసుకునే రెండో మనిషిని కూడా అడగండి. ఈ చివరి మాట నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పోయిన నెల ఆయన డ్యూటీ నుంచి వచ్చి సేఫ్టీ బూట్లు విప్పుతున్నాడు. ఒక లేసు విప్పి అలాగే కూర్చుండిపోయాడు.

"నీకెన్నున్నయి?" అని అడిగాను.

"నాకేమైంది? మంచిగనే ఉన్న."

"పదిట్ల ఎన్నని అడిగిన."

ఆ బూటు తీసి పక్కన పెట్టాడు. "మూడు" అన్నాడు. "నిన్ను ఐసీయూలకు తీసుకపోయిన కాడికెల్లి మూడే."

నేను కింద కూర్చుని రెండో లేసు విప్పాను.