గిద్యోను పంతులు జొన్నల కుప్పలు

మొయినాబాదులో గిద్యోను పంతులు ఇంటి ముందు ఎవరైనా జొన్నల మూట దించారంటే, వాళ్ల పిల్లలెవరో పట్నంలో మెట్రిక్ పాసయ్యారని ఊరంతటికీ తెలిసిపోయేది. పంతులు మిషను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి దిగిపోయిన మనిషి. ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఊరికే కూర్చోవడం మాత్రం రాదు. అందుకని పాసైన పిల్లలు ఆ తర్వాత ఏం చదవాలో తేల్చే పని నెత్తినేసుకున్నాడు. తేల్చమని ఆయన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మార్కుల కాగితం ఉర్దూలో వచ్చేది. ఇటు చేవెళ్ల నుంచి అటు గండిపేట దాకా దాన్ని చదవగల తల్లిదండ్రులు వేళ్ల మీద లెక్క. "లెక్కల్ల డెబ్బై, చరిత్రల నలభై" అని చదివి వినిపిస్తే బుద్ధిగా తలలూపి, "అయితే మంచిదేనా పంతులూ" అనేవాళ్లు. పంతులుకు ఒళ్లు మండేది. మండగా మండగా ఓ ఏడాదికి ఉపాయం తట్టింది. వీళ్లకు అంకెలు రావు సరే, గింజలు కొలవడం రాని మనిషి ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు?

నూటికి నూరు వస్తే మానికెడు జొన్నలు. పాతిక వస్తే సోలెడు. అంతకన్నా చిన్న ముక్కలకు సోలలో నాలుగో వంతు, గిద్దె ఉండనే ఉంది. ఒక్కో పాఠానికి ఒక్కో కుప్ప చాప మీద పోసేవాడు. ఏ కుప్ప పెద్దదైతే పిల్లలు ఆ దారినే పోవాలి. ఆలూరు నర్సింహులు తన కొడుకును ఓవర్సీరును చేసి తీరుతానని పట్టుబట్టి వచ్చాడు. లెక్కల కింద సోలెడు మీద గిద్దెడు పడేసరికి చాలాసేపు ఆ కుప్పనే చూశాడు. "గిన్ని గింజలతోని వంతెన కడితే కూల్తది గదా" అని తనే మూట కట్టుకుని లేచాడు. అప్పటినుంచి పంతులు కుప్పకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆ సంగతి పంతులు రోజుకు రెండుసార్లయినా ఎవరికో ఒకరికి చెప్పేవాడు.

ఇంకొక నియమం కూడా పెట్టాడు. కుప్పలు పోసేటప్పుడు పిల్లలు గదిలో ఉండకూడదు. ఉంటే తల్లిదండ్రులు కుప్పను చూడరు, పిల్లల మొహం చూస్తారట.

పందొమ్మిది వందల నలభై మూడులో, వానలు మొదలవుతున్న రోజుల్లో, కనకమామిడి నుంచి బీరమ్మ జొన్నల మూటతో వచ్చింది. ఆమె భర్త మారయ్య పోయి మూడేళ్లయింది. మిగిలింది ఒక్కతే కూతురు నిర్మల. పట్నం మిషను హాస్టలులో ఉండి మెట్రిక్ పాసయింది. సైన్సు చదవాలనీ, ఎప్పటికైనా డాక్టరమ్మ కావాలనీ దాని కోరిక. కాలేజీ దరఖాస్తు తెల్లారి టపాలో పోకపోతే ఆ ఏటికి అంతే సంగతులు.

బీరమ్మ వస్తూనే తన మాట చెప్పేసింది.

"గిద్యోనన్నా, దాన్ని టీచరు ట్రైనింగుల వెయ్యి. ఏడాదైతే మొయినాబాదు బడికొస్తది. పొద్దుగూకితే ఇంట్ల ఉంటది. నాకు ఇంకెవరున్నరు?"

"నేను వేసుడేంది బీరమ్మా, కుప్ప ఏం చెప్తే అదే" అన్నాడు పంతులు. అన్నాడు గాని ఆయన మనసులోనూ అదే ఉంది. బడిలో ఆడపిల్లలకు చెప్పే టీచరు లేక ఏడాదిగా ఆ క్లాసు ఖాళీ. నిర్మల వస్తే ఎంత బాగుంటుందోనని లోలోపల లొట్టలు వేస్తున్నాడు.

నిర్మలను చర్చి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చి, కాగితం చూస్తూ ఆరు కుప్పలు పోశాడు. మార్కులు పైకి చదవలేదు. చదివినా ఎవరికి కావాలి? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడో లేదో, బయట బస్సు ఆగింది.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి, అంటే నడిచినంతసేపు నడిచేవి. మొయినాబాదులో ఆగిందంటే మళ్లీ కదలడానికి రోడ్డుపక్క ఇళ్లవాళ్లంతా బయటికొచ్చి తొయ్యాలి. అది ఊరి ఆచారమైపోయింది. పంతులు వెళ్లాడు. బీరమ్మ కొంగు దోపుకుని వెళ్లింది. పంతులు భార్య ప్రేమమ్మ పిండి చేతులతోనే పరిగెత్తింది. తలుపు గడియ పెట్టాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

బస్సు దగ్గుతూ కదిలింది. తిరిగొచ్చేసరికి ప్రేమమ్మ పెట్టకోడి తన ఎనిమిది పిల్లలతో, పెద్దమనిషి తరహాగా, గడప దాటి బయటికి పోతోంది. చాప మీద కాసిని గింజలు చెదిరాయి. పోయేటప్పుడు మా కాళ్లే తగిలి ఉంటాయిలే అనుకుని పంతులు వాటిని చేత్తో ఎగదోశాడు. కుప్పల్ని చూశాడు. తెలుగు కుప్ప అన్నింటికన్నా ఎత్తుగా ఉంది. ఆయన మొహం విప్పారింది.

"తెలుగు. ట్రైనింగే రాసి ఉన్నది నీ బిడ్డకు. ఇగ ఫికర్ చెయ్యకు."

బీరమ్మ లేవలేదు. ఆమె కళ్లం కాడ కూలిగింజలు కొలిచే మనిషి. దొరకైనా, కూలికైనా ఆమె చేతిలో సోల ఒక్కటే. గిద్దె తగ్గిందని కరణంతోనే పోట్లాడిన మనిషి. ముందుకు వంగి, తలుపు పక్కనున్న సైన్సు కుప్ప మీద అరచెయ్యి పెట్టింది.

"అన్నా, దీంట్ల ఎంత పోసినవ్?"

"కాగితంల ఉన్నంతే పోసిన."

"నువ్వు పోస్తుంటే చూసిన. మూడు సోలలు పోసి, మీద ఇంత పోసినవ్. ఇప్పుడు రెండున్నరే ఉన్నది."

పంతులు జేబులోంచి కాగితం తీశాడు. తెలుగు డెబ్బై రెండు, సైన్సు డెబ్బై ఎనిమిది. కోడి వైపు చూశాడు. అది వాకిట్లో మట్టికేసి ముక్కు రుద్దుకుంటోంది. కాగితం తన జేబులోనే ఉండగా ఒక్కసారి తీసి చూడాలనిపించలేదేమిటి? ఎందుకనిపించలేదో ఆయనకు తెలుసు. అందుకే సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"కోడి తిన్నది బీరమ్మా. సైన్సే ఎక్కువ."

బీరమ్మ సోల అందుకుంది. సైన్సు కుప్పను ఎత్తి మళ్లీ కొలిచి, మూటలోంచి తక్కువైనవి పోసింది. మూడు సోలలు, మీద అర గిద్దె. దాని పక్కన తెలుగు కుప్ప చిన్నబోయింది.

"పట్నంల ఎన్నేండ్లు?"

"కాలేజి రెండేండ్లు. డాక్టరీ అంటే ఇంకా ఐదారేండ్లు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు సప్పుడు చెయ్యకుంటే పిల్ల ఇంట్లనే ఉండేది గదా" అన్నాడు మెల్లగా.

"ఉండేది. ఉంచుకోవాల్ననే ఉన్నదన్నా. గని తక్వ కొలిచి ఉంచుకోమంటవా, నా బిడ్డను?"

పంతులు సిరాబుడ్డి మూత తీసి, దరఖాస్తు రాయడానికి నిర్మలను కేకేశాడు.

ఆ మరుసటి ఏడు నుంచి ఆయన కాగితం చదవడంతో సరిపెట్టుకున్నాడు, అదీ పైకి, గట్టిగా. సోల పట్టింది బీరమ్మే. ఇంట్లో ఒంటరిగా తోచక కనకమామిడి నుంచి నడిచి వచ్చేది. తలుపు గడియ ప్రేమమ్మ పెట్టేది. ఎవరి పిల్లల కుప్పయినా సరే, బీరమ్మ కచ్చితంగా కొలిచేది, వెంట్రుకవాసి తేడా రానిచ్చేది కాదు. కొలిచాక మాత్రం ఊరుకునేది కాదు. సైన్సు కుప్ప ఎంత పెద్దదైనా దానికేసి ఓసారి చూసి, "మా నిర్మలది ఇంకో గిద్దె ఎక్వనే ఉండె" అనేది.