ఎదురు చెప్పని సారమ్మ

గుల్జార్ బేగానికి కోపం వస్తే బడిగంట ఒక దెబ్బ ఎక్కువ మోగేది. గంట కొట్టేది ఆమే మరి. ప్రత్తిపాడు పక్క ఊళ్ళో మిషన్ బడికి పాతికేళ్ళుగా ఆయా. మొగుడు బుడాన్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. వాళ్ళ వీధి కోడళ్ళలో అది పెద్ద చదువే.

క్రిస్మస్ సెలవులు ఇచ్చే రోజు పిల్లలకు పాత కథల పుస్తకం చదివి వినిపించడం ఆ బడి ఆనవాయితీ. దొరల కాలంలో అచ్చయిన పుస్తకం. పెద్ద టీచరమ్మకు చూపు మందగించింది. కొత్త టీచర్లకేమో ఆ గ్రాంథికానికి నోరు తిరగదు. అలా ఆ పని గుల్జార్ బేగం చేతికొచ్చింది. సాయిబులావిడకు క్రిస్మస్ ఏమిటని ఎవరన్నా అంటే, "పిల్లలకి కథ చెప్పడానికి మతం ఏందయ్యా?" అని నోరు మూయించేది.

అందులో అందరికీ ఇష్టమైన కథ సారమ్మది. తల్లీతండ్రీ లేని పిల్ల. యజమానురాలు ఎంత చాకిరీ చెప్పినా ఎదురు చెప్పదు. చలిలో నీళ్ళు మోస్తుంది, కట్టెలు ఏరుతుంది, క్రిస్మస్ రాత్రి నవ్వుతూ కన్నుమూస్తుంది. పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చేవారు. పదేళ్ళు అలా ఏడిపించింది గుల్జార్ బేగం, అదేదో ఘనకార్యమైనట్టు.

2001 డిసెంబరులో నాలుగో తరగతి నాగజ్యోతి బడికి రావడం మానేసింది. రెండు వారాలు చూసి గుల్జార్ బేగం నేరుగా చేలోకే వెళ్ళింది. పిల్ల ఒడి కట్టుకుని పత్తి తీస్తోంది. కాయ మొనలు గీరుకుని వేళ్ళ నిండా నెత్తుటి గీతలు. తండ్రి యలమంద గట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆమె చేత ముక్కు తుడిపించుకున్నవాడే.

"ఏరా, పిల్లని బడి మాన్పించావా?"

యలమంద సిగ్గుపడలేదు సరిగదా, మురిసిపోయాడు. "మా జ్యోతి అచ్చం మీ కథలో పిల్లేనమ్మా! పోయినేడు నేనూ విన్నా గదా. ఎంత పని చెప్పినా నోరెత్తదు. అంత బుద్ధొచ్చాక ఇంకా బడెందుకు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద పావు వంతు, తన మీద ముప్పావు వంతు. దారి పొడుగునా ఆ పుస్తకం రాసినవాణ్ణి తిట్టింది. వాడి పిల్లలెవరూ పత్తి తీసి ఉండరు. ఆ రాతను అంత తీయగా చదివిన తన నోటినీ తిట్టుకుంది.

కథ చదివే రోజు తల్లిదండ్రులూ వచ్చారు. తన కూతురి లాంటి పిల్ల కథ కదా అని యలమంద నాగజ్యోతిని వెంటబెట్టుకుని మరీ వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాడు. గుల్జార్ బేగం నీళ్ళు మోసే చోటుదాకా చదివి గొంతు పెంచింది.

"అంతట సారమ్మ కుండను దించి, 'అమ్మగారూ, నేనిక నీళ్ళు మోయను, బడికి పోయెదను' అనెను."

ఆ మాట పుస్తకంలో లేదు. పెద్ద టీచరమ్మ దగ్గింది. గుల్జార్ బేగం తల ఎత్తలేదు.

పిల్లల్లోంచి నాగజ్యోతి లేచి నిలబడింది. "కథ అట్టా కాదు గదమ్మా. ఆ పిల్ల ఎదురు చెప్పదు. నాకు మొత్తం వచ్చు."

గుల్జార్ బేగం పుస్తకం మూసేసింది.

"పోయినేడు తప్పు చదివా తల్లీ. పదేళ్ళుగా తప్పే చదువుతున్నా."

నాగజ్యోతి గీరుకుపోయిన వేళ్ళతో పరికిణీ నలుపుతూ వెనక బెంచీ వైపు చూసింది.

"అయితే ఆ మాట ఇంకోసారి చదవండమ్మా, గట్టిగా. మా నాన్న వెనకాల కూర్చున్నాడు."