తటస్థ గవర్నర్‌గారి బొగ్గు

2023 శీతాకాలం, బెర్లిన్. ఓడరేవుల చరిత్ర చూపించే ఒక చిన్న మ్యూజియంలో నేను టెంపరరీ గైడ్‌ని. పర్మినెంట్ కావాలంటే ప్రోబెఫ్యూరుంగ్ గట్టెక్కాలి. అంటే, డైరెక్టర్ వెనకే నడుస్తూ వింటుండగా మామూలు సందర్శకులకి ఒక గది చూపించాలి. నా వీసా కూడా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది.

నాకు వచ్చిన గది అమెరికా అంతర్యుద్ధం నాటి ఒక బ్రిటిష్ దీవిది. యుద్ధం పరాయిది కాబట్టి అక్కడి గవర్నర్ ఎవరి పక్షమూ వహించకూడదు. ఉత్తరాది యుద్ధనౌక వచ్చినా దక్షిణాదిది వచ్చినా ఒకటే రూల్. ఒక పగలూ రాత్రీ ఆగొచ్చు, సొంత రేవు చేరడానికి సరిపడా బొగ్గు తీసుకోవచ్చు, తర్వాత వెళ్లిపోవాలి. దీన్నే న్యూట్రాలిటీ అంటారు. మాకిచ్చిన పాఠంలో గవర్నర్‌గారు పెద్దమనిషి. ఆ బొగ్గు మోసినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కౌంటర్లో టికెట్లిచ్చే హైదరాబాదీ నసీరన్నకి నా సంగతి తెలుసు. "చెల్లె, ఆ కూలోళ్ల ముచ్చట ఇయ్యాల పక్కకు పెట్టు. పర్మినెంట్ అయినంక నీ ఇష్టమున్నట్టు చెప్పుకో," అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. సరేననుకునే లోపలికి వెళ్లాను.

అలవాటు ప్రకారం సందర్శకుల్లో ఒకరిని గవర్నర్ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ రోజు కూర్చున్నది రిటైరైన స్కూల్ టీచర్. రెండు ఓడలకీ బొగ్గు సమానంగా పంచి, గర్వంగా నవ్వాడు. పక్కనున్న బొగ్గు బుట్టలు చూపించి, వాటిని ఓడల బొమ్మల దాకా చేర్చమన్నాను.

"నేను గవర్నర్‌ని కదా, నేనెందుకు మోస్తాను?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నసీరన్న సలహా గాలికి కొట్టుకుపోయింది. ఆ బుట్టలు మోసింది బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలవాళ్లని చెప్పేశాను. దక్షిణాది పోరాడుతున్నదేమో బానిసల్ని వదులుకోకుండా ఉండటానికి. ఆ దక్షిణాది ఓడకి వీళ్ల చేతే బొగ్గు ఎక్కించి, గవర్నర్ తనకేమీ అంటలేదనుకున్నాడు. టీచర్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చోలేదు.

టూర్ అయ్యాక డైరెక్టర్ తన గదికి పిలిచింది. మర్యాదగానే మాట్లాడింది. గైడ్ కూడా తటస్థంగా ఉండాలట. ఆ భాగం తీసేస్తానని మాటిస్తే కాంట్రాక్ట్ ఇస్తానంది.

"గవర్నర్ పాటించిన రూల్ నేను దాచలేదు. మోసినవాళ్లనీ దాచలేదు. వాళ్లని వదిలేయమంటే మీరే ఒకరి పక్షం వహిస్తున్నట్టు," అన్నాను.

కాంట్రాక్ట్ రాలేదు. ఎస్-బాన్ రైల్లో ఇంటికి వెళ్తూ ఏడ్చాను, భయమేసింది కూడా. కొత్త ఉద్యోగానికీ వీసా ఆఫీసులో టెర్మిన్‌కీ, అంటే అపాయింట్‌మెంట్‌కీ, నానా తంటాలు పడ్డాను. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు. కూలీల నెత్తిన బరువు పెట్టి, నాకేం సంబంధం లేదనేవాడు తటస్థుడు కాడు. ఏ మ్యూజియంలో ప్రోబెఫ్యూరుంగ్ పెట్టినా ఇదే చెప్తాను.