పుల్ల గుచ్చే అక్క

రాయడం నాకిదే మొదలు, తప్పులుంటే ఏమనుకోవద్దు. సౌదీలోని దమ్మామ్‌లో నేను పాపను చూసుకునే ఇంట్లో వంట చేసే అక్క ఒకామె ఉండేది. ఆమెది కాకినాడ పక్క సముద్రం ఒడ్డు ఊరు. నాది కడప. సముద్రం నాకు కొత్త.

సెలవు రోజుల్లో ఆ ఇంటి మేడమ్ పాపతో పాటు మమ్మల్ని ఖతీఫ్ దాటాక, ఒక్క దుకాణం కూడా లేని బీచికి తీసుకుపోయేది. దిగగానే అక్క నీళ్ల అంచున పుల్ల గుచ్చేది. టీ కాస్తున్నా కళ్లు దానిమీదే.

ఒకరోజు మేడమ్ నమాజులో ఉండగా పాపను ఎత్తుకుని నీళ్లలో చాలా దూరం నడిచాను. అక్క కేకేసింది.

"పుల్ల మునిగిందే! పోటొస్తంది, వచ్చేయ్!"

"మోకాళ్ల లోతే కదక్కా, ఏమైతాది?"

"ఇంకాసేపుంటే నీ పొగరు కూడా మునుగుద్ది, రా!"

తిరిగొస్తుంటే నీళ్లు నడుము దాకా లేచాయి. అక్క ఒంటిమీది పొడుగు నల్ల అబాయాతోనే నీళ్లలోకి ఎదురొచ్చి పాపను అందుకుంది. ఒడ్డెక్కి ఏడ్చేశాను.

పాప గౌను ఎందుకు తడిసిందని మేడమ్ అడిగింది. నా పని పోయిందనుకున్నాను.

"నేనే ఆడించాను మేడమ్" అని అక్క అరబ్బీలో చెప్పింది. తర్వాత నావైపు తిరిగింది.

"ముక్కు తుడుచుకో. టీ చల్లారిపోతంది."