మంచి కొవ్వుకు ఎర్ర సున్నా

2014లో శ్రీకాకుళంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. రక్తపరీక్షల నివేదికలో హద్దు దాటిన ప్రతి అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టడం నా అలవాటు. డాక్టర్ల కన్ను వెంటనే పడుతుందని. ఆ అలవాటంటే నాకు కాస్త గర్వం కూడా.

ఆ ఏడాది చేపలమ్మే నరసమ్మ చికిత్సకు వచ్చింది. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మా వైపు అడ్డపొగ అంటారు. ఏళ్ల తరబడి అలా కాల్చినందుకు ఆమెకు అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. మెడదాకా రేడియేషన్, ఒక్కరోజు కూడా మానకూడదు. మెడలోని పెద్ద రక్తనాళాలకు రేడియేషన్ దెబ్బ తగలవచ్చు కనుక, రెండో వారంలో డాక్టరుగారు కొలెస్టరాల్ కూడా చూడమన్నారు. నివేదిక ఆమె చేతికిచ్చిన మర్నాటి నుంచి ఆమె రాలేదు.

మూడో రోజు అరసవల్లిలో ఆమె దిగిన లాడ్జికి నేనే వెళ్లాను. మెత్తగా పిసికిన చారన్నం తింటోంది.

"నెత్తురులో కొవ్వు పెరిగిపోనాదని నువ్వే ఎర్రసున్నా సుట్టినావు కదా బాబూ! పత్యం సేసి అది తగ్గినాక కరెంటు పెట్టించుకుంతాను" అంది. రేడియేషన్‌ను మావాళ్లు కరెంటే అంటారు.

నేను సున్నా చుట్టింది మంచి కొలెస్టరాల్‌కి! అది ఎక్కువుంటే కంగారు పడాల్సింది లేదు. పైగా అది రక్తనాళాల లోపొరను రేడియేషన్ దెబ్బ నుంచి కాపాడవచ్చని ఆమధ్య డాక్టరుగారు చెప్పారు. పరిశోధన ఇంకా నడుస్తోందని, ఏదీ తేలలేదని కూడా అన్నారు. నరసమ్మకు అంతా చెప్పాను, తేలలేదన్న మాటతో సహా.

"అయితే నాలుగు సేపలెక్కువ తిని సుట్ట కాల్సుకోవచ్చా?"

చేపలు తినమన్నాను, చుట్ట ముట్టుకోవద్దన్నాను.

"మరి మంచిదానికి ఎర్రసున్నా ఏటికి సుట్టినావు?"

నేను వచ్చిన ఆటోలోనే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు నాకు చీవాట్లు పెట్టి, తప్పిన రోజులు ఎలా సర్దాలో చూశారు. చికిత్స పూర్తయింది, అంగిట్లో పుండు మానింది. చివరిరోజు నరసమ్మ ఎండుచేపల పొట్లం తెచ్చి, నా పెన్ను లాక్కుని దానిమీద ఎర్రసున్నా చుట్టి మరీ ఇచ్చింది. ల్యాబంతా నవ్వులే.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ అంకెకు సున్నా చుట్టినా, ఎందుకు చుట్టానో పక్కనే తెలుగులో రాశాను. నివేదికను డాక్టరు కన్నా ముందు చూసేది రోగే.